అవతలి రేవు కేక

సఖినేటిపల్లి సొసైటీలో రాసిన ప్రతి పద్దునీ
వశిష్ఠ దాటించి నరసాపురంలో మళ్ళీ రాయాలి.
అక్కడి యంత్రం "అందింది" అన్నాకే
ఇక్కడి యంత్రం "అయింది" అనాలి.
అదీ ఒప్పందం.

పంటు రేవులో మా మావయ్య చేసిన పనీ ఇదే.
ఎక్కిన తలలు లెక్కపెట్టి, కాగితమ్మీద గీసి,
అవతలి గట్టు నుంచి కేక వినపడేదాకా
పెన్సిలు చెవి మీద దోపుకునేవాడు కాదు.

ఆ సాయంత్రం ఈదురుగాలి.
చించినాడ వంతెన దగ్గరెక్కడో తీగ తెగింది.
సరిగ్గా అప్పుడే పాలెపు సత్తెక్క
లేసు అల్లి కూడబెట్టిన నలభై ఒక్కవేల ఆరొందలు
తడి రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది.
తాకట్టులోని కాసులపేరు విడిపించుకోవాలి,
రేపు పదకొండింటికి చెల్లెలి సీమంతం.

పద్దు కొట్టాను.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పావుగంట.
"పోనీలే అబ్బాయ్, చెరిపెయ్.
డబ్బులిటియ్యి, పొద్దున్నొస్తాను."
రద్దు నొక్కాను.

చక్రం ఆగింది. కింద పసుప్పచ్చగా ఒక ముక్క:
ఇక్కడ రాసేశాను. అక్కడికి చేరిందో లేదో తెలీదు.

తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అప్పుడర్థమైంది,
నేను రద్దు చేసింది ఎదురుచూపుని.
రాతని కాదు.
పంటు రేవు విడిచాక టిక్కెట్టు చింపితే
మనిషి వెనక్కొస్తాడా?

పక్క బల్ల మీద ధనరాజు తెరలోనూ
సత్తెక్క బాకీ సున్నా.
ఏటవతల ఇంకా బాకీదారేనేమో.
ఈ రాత్రి మా గదిలోకి నీళ్ళొచ్చి ఈ యంత్రం పోతే
అవతలిదే పెద్దదవుతుంది,
అది చెప్పిందే నిజం.

"మళ్ళీ కొట్టు గురూ" అన్నాడు ధనరాజు.
కొడితే రెండుసార్లు కట్టినట్టు.
డబ్బు తిరిగిస్తే కట్టకుండానే తీరినట్టు.

"నీ డబ్బు దారిలో ఉందక్కా."
"దారేంటి నాయనా, నీ మోచేతి కిందుంటేనూ!"

నోట్లు పెట్టెలో పెట్టి తాళం వేశాను.
పద్దు నంబరు రెండు చీటీల మీద రాసి
ఒకటి ఆవిడకిచ్చాను. ఒకటి నా జేబులో.
ఆవిడ కదల్లేదు.
బెంచీ మీదే కూచుని సంచిలోంచి సూది తీసింది.
"ముడి పడిందనుకో, విప్పే ముందు
ఎందాకా బిగిసిందో వేలితో తడిమి చూడాలి"
అంది, దారంతో అన్నట్టు.

తెల్లారి మొదటి పంటు.
బురదనీళ్ళ మీద గుర్రపుడెక్క తేలి పోతోంది.
నరసాపురం ఆఫీసులో కడలి రూతు
నా చీటీ చూసి, నంబరు కొట్టి,
తెర నా వైపు తిప్పింది.

పద్దు ఉంది.
నిన్న సాయంత్రం, అయిదూ నలభై రెండు.
రాత అప్పుడే ఏరు దాటేసింది.
గాలికి కొట్టుకుపోయింది కేక ఒక్కటే.

ధనరాజుకి ఫోన్లో చెప్పాను, నగ ఇచ్చెయ్యమని.
తర్వాత రేవులో నిలబడి,
ఎవరూ చూడటం లేదు కదా అని,
అవతలి గట్టుకి వినపడేలా
ఒక్క కేకేశాను.