ను, వు

పెరియమేడు తోళ్ళ వాసన
ఎగ్మోర్ దాకా నా చీరలోనే వస్తుంది.
మోటారు పంపుల షాపు పైన రెండో అంతస్తు,
ఒకే ఫ్యాను కింద పదకొండు కుర్చీలు.
గ్లోవ్స్ కొనే కంపెనీ వాళ్ళకి ఇంగ్లీషు రుచించదట,
ఓనరుగారు ఫీజు కడతానన్నారు,
నలభై ఆరేళ్ళకి మళ్ళీ పలక పట్టాను.

పూర్ణవల్లి మేడమ్‌ది పుదుచ్చేరి.
సుద్దముక్క విరిచి బోర్డు మీద రాసింది.
జ, త్యు, ఇల్, ఎల్,
ను, వు,
మళ్ళీ ఇల్, మళ్ళీ ఎల్.
రాతలో తోకకి ఒక ఎస్, నోట్లో ఏమీ లేదు.
ఒకడొచ్చాడో ఊరంతా వచ్చిందో
చెవికి తెలీదు.

వచ్చాను అనడానికి నాకెప్పుడూ
నేను అవసరం పడలేదు.
వండాను, ఉతికాను, బస్సు తప్పి నడిచాను,
సర్దుకున్నాను.
ప్రతి పని వెనకా ఒక చిన్న ను
మేకుకి పట్టిన కొంగులా.
ఇక్కడ అలా కుదరదంది మేడమ్.
ముందు మనిషి రావాలి, తర్వాతే పని.
చెప్పండి, జ.
ఎవరింట్లోకో చెప్పులతో వెళ్ళినట్టు
సిగ్గేసింది.
అచ్చు ఎదురైతే ఆ జ కూడా
ఒళ్ళు కుదించుకుని గోడకి ఒరుగుతుందట.
ఆ ఒక్క సూత్రం మాత్రం
చెప్పకముందే వచ్చేసింది నాకు.

క్లాసులో అందరూ అందరికీ త్యు.
పందొమ్మిదేళ్ళ ఇనియన్ నా వైపు తిరిగి
త్యు అన్నాడు, వెంటనే నాలుక కరుచుకున్నాడు.
ఫరవాలేదు బాబూ,
నన్ను నువ్వు అనేవాళ్ళు చాలామందే ఉన్నారు,
ఇంత భయపడుతూ అన్నది నువ్వే.

పదిమంది ఆడవాళ్ళం, ఇనియన్ ఒక్కడు.
అందరం కలిస్తే ఇల్ అట,
కుండెడు పాలలో ఒక్క చుక్క మజ్జిగ.

మా అత్తగారు వంటింట్లోంచి
"అది వచ్చిందా?" అని కేకేస్తే
నా గురించో గ్యాస్ బండ గురించో
పక్కింటివాళ్ళకి తెలిసేది కాదు.
ఇక్కడా కుర్చీకీ నాకూ ఒకటే మాట, ఎల్.
కానీ ఏదో తేడా ఉంది.
నేను కిందికి దిగలేదు,
కుర్చీయే లేచి నిలబడింది.

"మేడమ్, ఈ ను మనమా, మేమా?"
బెంగాలమ్మాయి దేబలీనా అయోమయంగా చూసింది.
రెండూ ఒకటే కదా అంది.
సుద్ద చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది మేడమ్,
"నామా, నాంగళా? మొదటి రోజు నేనూ ఇదే అడిగాను."
తెల్లబడ్డ ఆ మీసంతో
కాసేపు ఆవిడా నేనూ మనమయ్యాం.

దేబలీనాకి ఎలా చెప్పాలో తెలీలేదు.
మా ఆయనా ఆయన తమ్ముళ్ళూ
"మేము ఇల్లు అమ్మేస్తున్నాం" అన్న రోజు
నేను ఆ గదిలోనే ఉన్నాను,
నాలుగు కాఫీ గ్లాసులతో.
ఆ మాటకి తలుపుంటుంది, తల్లీ.
మీ భాషలో గోడల్లేవు కాబోలు,
లేదా ఎక్కడున్నాయో
మీకు ఎవరూ చూపించడంలేదు.

పురసైవాక్కం మీదుగా వెళ్ళే బస్సులో
రాడ్ పట్టుకుని వల్లె వేస్తుంటే తట్టింది.
వచ్చాను, వచ్చావు.
ను, వు.
మన క్రియల కాళ్ళదగ్గర పడుండే రెండు తోకలు
అక్కడ తలలై కూర్చున్నాయి.
ను అంటే వాళ్ళకి అందరం,
వు అంటే మీరు, దయచేసి.
కండక్టర్ ఏమిటమ్మా అన్నాడు,
నవ్వాను అనుకుంటా.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర.
తలుపు కొట్టాను.
"ఎవరూ?"
రోజూ అయితే, తియ్యండి అంటాను.
ఇవాళ ముందు మనిషిని పంపించాను.
"నేను."

లోపల టీవీ తగ్గింది.
"నేనంటే?"

మంచి ప్రశ్నే.
ఇంకా మొదటి పాఠంలోనే ఉన్నాం మరి.