ఆటలో అరటిపండు

పగలు నా పని తప్పులు పట్టడం.
డండీలో, టే నది కనిపించీ తెరుచుకోని కిటికీ పక్కన,
గోడకి గుద్దుకున్న సైనికుడు గోడలోకి దూరిపోతే రాసుకుంటాను,
చచ్చినవాడి తుపాకి గాల్లో మిగిలిపోతే రాసుకుంటాను.
జరగాల్సింది ఒక గడిలో, జరిగింది పక్క గడిలో.
ఆరేళ్లుగా ఇవే రెండు గడులు.

శనివారం, మూతపడ్డ జూట్ మిల్లులో
ఎవరో సొంతంగా చేసుకున్న ఆటలు పెట్టారంటే వెళ్లాను.
తడి ఇటుక వాసన. కాళ్లకి అడ్డంపడే వైర్లు. పద్నాలుగు తెరలు.
ఒకదాంట్లో వాన వెలిసేదాకా కూర్చోవడమే ఆట.
బయటా వానే, ఎవరూ ఆడలేదు.
ఇంకోటి, ఒకడు ఆడగానే
వాడు నడిచిన దారిని చెరిపేసుకుంటుంది.
దాని ముందు పెద్ద క్యూ.

మూలన కాట్రియోనా ఆట.
మగ్గాల మధ్య ఒకామె. చప్పుడు లేదు.
పెదాలు కదుపుతుంది.
బటన్ నొక్కితే నీ పెదాలూ కదులుతాయి.
అంతే. పాయింట్లు లేవు, మూడు ప్రాణాలూ లేవు,
ఓడిపోదామన్నా దారి లేదు.
చిన్నప్పుడు మా సందులో నన్నిలాగే ఆడనిచ్చేవాళ్లు,
దొరికినా దొంగని కాను, గెలిచినా లెక్కలోకి రాను,
ఆటలో అరటిపండుని.
ఇక్కడ ఆటే అరటిపండు.
అలవాటుకొద్దీ జేబులోంచి నోట్‌బుక్ తీశాను.

అప్పుడొచ్చింది ఎఫీ గెడ్డెస్, ఎనభయ్యేడేళ్లావిడ,
కంట్రోలర్ తలకిందులుగా పట్టుకుని
కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి.
ఈ మిల్లులోనే పదహారేళ్లు దారం వడికిందట.
మోతకి అందరి చెవులూ పోయాయట,
ఇక మాటంటే పెదాలే, వేళ్లే.
తెరకేసి కాసేపు చూసి
పకపకా నవ్వింది.

ఏమంటోంది, అన్నాను.
గుర్తొచ్చి, నోరు బాగా తెరిచి మళ్లీ అడిగాను.
"మేస్త్రీ వస్తున్నాడు, టాఫీ దాచెయ్యమంటోంది."

కాట్రియోనా తెల్లబోయింది.
ఆ పెదాల వెనక మాటల్లేవు. ఒట్టి అంకెలు.
ఎలాపడితే అలా తెరుచుకుని మూసుకునేట్టు
ఓ రాత్రి రెండింటికి నిద్రకళ్లతో రాసిపడేసినవి.

ఎఫీ ఇంకా జవాబిస్తూనే ఉంది,
బటన్ నొక్కడం మర్చిపోయి, సొంత పెదాలతో.
తన వంతుకోసం నిలబడ్డ కుర్రాడు
నిలబడి, గొంతుక్కూర్చుని, వెళ్లిపోయాడు.
ఆమె ఎడంచెయ్యి ఒక్కసారి కోటు జేబులోకి దూరి
ఖాళీగా బయటికొచ్చింది.

నేను రెండు గడులు గీశాను.
జరగాల్సింది: ఏమీ లేదు.
జరిగింది:
టాఫీ, అని రాసి
కొట్టేసి
తూచ్, అని రాశాను.