కూలియప్ప

తాడిపత్రిలో, మా కంసాలి వీధిలో,
మధ్యాన్నం కరెంటు పోయిన పూట
ఫక్కీరమ్మ కొంగుముడి విప్పింది.
"బోరు మోటరు కాలిపోయిందన్నా. వైండింగుకు నాలుగు వేలంట.
ఇది కరిగిస్తే ఎంతొస్తాది?"

త్రాసులో వేసినా.
మూడు తులాలు, పైన ఒక గురిగింజ.
నల్లబారిన వెండి. చింతపండు పెట్టి రుద్దితే
మొదట ఒక రాజు గడ్డం తేలింది.
తిప్పితే సముద్రం.

అలల మీద ఒకామె, చేతిలో త్రిశూలం.
రెండు గుర్రాలు ఆమెను లాగుతున్నాయి,
ముందరి కాళ్లు గుర్రానివి, నడుం కింద చేప.
"మా జేజి దీనికి ఊదు పొగ ఏసేది," అంది ఫక్కీరమ్మ,
"పీర్ల పండగకు పంజా పక్కన కట్టేది,
గంగమ్మ కూడా మొక్కు తీర్చుకోను వచ్చిందని."

రిబ్బను ఒకప్పుడు తెల్లది. అంచులు ఎర్రవి,
నడుమ సన్నగా రెండు ఎర్ర గీతలు,
సున్నపు గోడకు ఎవరో వక్కాకు వేళ్లు తుడిచినట్టు.
దాని మీద అడ్డంగా వెండి పట్టీ:
ఇరాక్, 1919–1920.

పాత పతకాలు కొనే బెంగళూరాయన ఫోన్లో చెప్పినాడు:
పతకం దొరుకుతాది, ఆ పట్టీ దొరకదు.
అక్కడి ఏట్లో ఫిరంగి పడవల మీద పనిచేసినోళ్లకే,
నూటికి అటూ ఇటూగా ఇచ్చినారు.
అంచు మీద పేరు చదువు, అన్నాడు.

భూతద్దం పెట్టి, గుండ్రంగా తిప్పుకుంటా చదివినా.
కుళ్లాయప్ప అని రాయడం ఆ దొరల గుమాస్తాకు చేతకాలేదు.
కూలియప్ప అని చెక్కినాడు.
తప్పు రాసి నిజం చెప్పినాడు.

"మా ముత్తాత ఓడ కడుపులో బొగ్గేసేటోడు.
పోతా వస్తా సముద్రం సప్పుడే ఇన్నాడంట, చూసింది తక్కువ.
తిరిగొచ్చినంక పెన్న ఇసకలో కూర్చోని
'ఆడి ఏరు ఎండదే' అనేటోడంట.
అంతే. ఇంకేం చెప్పలేదంట."

ఆకురాయి తీసుకున్నా.
కరిగించే ముందు ఒక గాటు పెట్టి చూడాల.
చివరి అక్షరం పక్కన ముందే ఒక గాటు ఉంది.
పైనుంచి కిందికి, ఏటవాలుగా, ఎడమచేతి వాటం.
ఈ వీధిలో ఎడమచేతి వాటం ఒకరికే ఉండేది,
మా జేజినాయనకు.

ఏ కరువులో తెచ్చినారో, ఎంత అడిగినారో,
గాటు పెట్టి, వెండేనని తెలిసి కూడా
ఎందుకో కరిగించకుండా పంపించినాడు.
తర్వాత పాత లెక్కల పుస్తకాలు వెతికినా.
ఒక్క ముక్క లేదు.

కరెంటు వచ్చింది. ఫ్యాను గాలికి కుంపటి ఎర్రబడింది.
బెంగళూరాయన ధర చెప్పినా. ఫక్కీరమ్మ నమ్మలేదు.
"పేరు తప్పున్నా కొంటాడా?"
"అది తప్పని ఆయనకేం తెలుసమ్మా."
చానాసేపు ఊరుకుంది. పతకాన్ని గుర్రాల వైపు తిప్పి,
బొటనవేలితో ఒకదాని మూతి తుడిచి
"నాలుగు వేలు చేబదులియ్యన్నా," అంది,
"మోటరు లేకుంటే ఈటికి మాత్రం నీళ్లు యాడివి?"