గోడకి అవతల

గుణుపురంలో మా గుడికి ఆదివారం రెండు పూజలు,
ఆరున్నరకి ఒడియాలో, ఎనిమిదిన్నరకి తెలుగులో.
నడుమ గంటలో గుమ్మం దగ్గర
సవరల చెప్పులూ మా చెప్పులూ కలిసిపోతాయి.

ఆ గంటలోనే
పుణెలో ఏడేళ్ళు చదివొచ్చిన ఫాదర్ ఇగ్నాస్ శబర్
దైవశాస్త్రం చెబుతానన్నాడు.
బోర్డు మీద ఒక్క మాట రాశాడు: లింబో.
రాసి, అడ్డంగా గీత కొట్టేశాడు.

వెనక బల్ల మీంచి మా నాన్న లేచాడు,
ఉపదేశి ఫిలోమోను.
"మరి ఆ బిడ్డలెక్కడున్నట్టు, ఫాదర్?"
"దేవుడి దగ్గరేనని సంఘం ఆశపడుతోంది."
"ఆశేనా? తెలుసనడం లేదా?"
"లేదు."
నాన్న కూర్చున్నాడు.
ప్రశ్న, దాని కింద జవాబు:
నలభై ఏళ్ళు అలాగే నేర్పిన మనిషి.

వంశధార పొంగిన ఏడు
సిసిలమ్మకి కొడుకు పుట్టి, తెల్లారేదాకా బతికాడు.
నాన్న ఆవలి గట్టున, పడవ లేక.
ఊరంతా నీళ్ళు.
నుదుటి మీదకి మూడు చుక్కలు లేవు.

గురువే అక్కర్లేదు,
మంత్రసాని పోసినా జ్ఞానస్నానమేనని
నాన్న ఆ పై ఆదివారం చెప్పాడు.
ముందెందుకు చెప్పలేదని
ఎవరూ అడగలేదు, సిసిలమ్మతో సహా.

పుస్తకంలో ఉన్నట్టే
సమాధుల తోట గోడకి అవతల పాతారు.
పేరు లేదు, సిలువ లేదు,
ఒక సీతాఫలం మొక్క తనంతట తనే మొలిచింది.
ఏటా ఆత్మల పండక్కి
అందరూ లోపల దీపాలు పెడుతుంటే
ఆమె చుట్టూ తిరిగి వెళ్ళి,
గోడ చాటున, ఒకటి వెలిగించేది.

ఈ ఏడు ఆ గోడ కొట్టేశారు.
దైవశాస్త్రం కోసం కాదు,
తోటలో చోటు చాలక.
దండాసి మేస్త్రి టేపు పట్టి కొలిచి
ముప్పై అడుగులు అవతలికి పునాది తీశాడు.
సీతాఫలం లోపలికొచ్చేసింది.

ఫాదరన్న మాట ఆమెకి చెప్పాను.
చెవిదుద్దు సవరించుకుంటూ విని,
"ఆలకిప్పుడు తెలిసిందేటి?" అంది.
"నానారోజే ఒప్పజెప్పేసినాను గదా."

నవంబరు రెండు. చీకటి పడింది.
చాటుకి గోడ లేదు.
ఏటి మీంచి గాలి తిన్నగా కొడుతోంది.
వెలిగిస్తుంది, ఆరిపోతుంది,
మళ్ళీ వెలిగిస్తుంది.
అగ్గిపెట్టెలో నాలుగు పుల్లలు మిగిలాయి.

అప్పుడొచ్చాడు నాన్న, మోకాళ్ళు పట్టుకుంటూ.
ఏమీ అనలేదు.
చంకలోని ప్రశ్నోత్తరాల పుస్తకం తీసి,
అట్ట ఊడిన ఆ పాత పుస్తకాన్నే,
రెండుగా తెరిచి
గాలికి అడ్డం పట్టాడు.

ఏ పేజీ తెరుచుకుందో చూడలేదు నేను.
మైనం బొట్టు ఒకటి దాని మీద పడింది.
తుడవబోయి
మానేశాడు.