ఉత్తమ పురుష, బహువచనం

పేరు మనాసే. ఊరు టోంగా అన్నాడు.
మ్యాపులో వెతికితే నా చిటికెనవేలి గోరు కిందే
దేశమంతా దాక్కుంది.
మా సింగ్‌నగర్ పిల్లలు మొదటిరోజే దీర్ఘం తీసేసి
మనసే, మనసే అని పిలిచారు.
ఇరవయ్యేళ్లవాడు,
తల వంచకుండా ఏ గుమ్మంలోనూ పట్టని మనిషి,
ఎవరు పిలిచినా సైకిలు దిగేవాడు.

నేను చర్చికి వెళ్లేదాన్ని కాను.
జిరాక్స్ షాపు కట్టేశాక
గంటకి నూటయాభైకి తెలుగు చెప్పేదాన్ని,
వాడికీ, వాడి జతగాడు కర్టిస్‌కీ.
ళ దగ్గర నాలుక మడతపడక
ఇద్దరికీ పళ్లు పల్లయ్యేవి, నీళ్లు నీల్లయ్యేవి.

పొద్దున్నే బకెట్లో తెల్లచొక్కా ఉతుక్కునేవాడు.
అది ఆరేలోపు ఒంటిమీది రెండోది తడిసేది.
పాయకాపురం, నున్న రోడ్డు, వాంబే కాలనీ మెట్లు.
సాయంత్రం నాకు లెక్క అప్పజెప్పేవాడు:
"నలభై మూడు తలుపులు కొట్టాం టీచరుగారూ.
నలభై ఒకటి వేసేశారు.
అందులో ముప్పై మంది మాత్రం
'మాకున్నాడులే బాబూ దేవుడు,
ఎండన పడొచ్చావు, మంచినీళ్లు తాగి పో' అన్నారు."
ఆ ముప్పైని ఏ గడిలో వెయ్యాలో తెలీక
మార్జిన్‌లో రాసుకునేవాడు.

వారానికోసారి అమ్మకి ఫోను.
మనకి మధ్యాహ్నం, ఆవిడకి రాత్రి.
ఏం తిన్నావంటే కారం.
నిన్న?
నిన్నా కారమే.

మేము, మనం చెప్పిన రోజు కర్టిస్ తల పట్టుకున్నాడు.
ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం,
పక్కన పెడితే మేము అన్నాను.
వీడు మాత్రం నవ్వాడు.
"మా భాషలోనూ రెండున్నాయి టీచరుగారూ."
మరి ప్రార్థనలో ఏది వాడతావంటే
తడుముకోలేదు.
"మేము. వినేది ఆయన కదా,
ఆకలి ఆయనది కాదు కదా."
పరీక్షలో పదికి పది వేశాను.

బుడమేరు ఆదివారం వచ్చింది.
నాకు గొంతుదాకా వచ్చిన నీళ్లు వాడికి రొమ్ముదాకానే.
మస్తాన్‌బీ అత్తగారిని భుజమ్మీదికెత్తి
పెద్ద డాబా ఎక్కించాడు,
తర్వాత గ్యాసుబండని, తర్వాత ఎవరిదో మేకని.
నా జిరాక్స్ మిషను మునుగుతుంటే
దానికోసం కూడా ఒకసారి దిగబోయాడు. నేనే వద్దన్నాను.

మూడో రాత్రి.
కరెంటు లేదు, పడవ మా సందులోకి రాలేదు.
పాలపొడి నీళ్లలో నీళ్లు కలిపి
ఐదుగురు పిల్లలకి పంచాం.
సువార్తమ్మ అంది:
"బాబూ, రెండు ముక్కలు ప్రార్థన చెయ్యి,
నాకు నోరు రావట్లేదు."

వాడు ట్యాంకుకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.
"ప్రభువా, మన వీధిలోకి నీళ్లొచ్చాయి."
ళ సరిగ్గా పలికింది.
"మన బియ్యం తడిసిపోయాయి.
మన పిల్లలకి పాలు లేవు.
మనం ఎప్పుడు కిందికి దిగుతామో
మనకి తెలీదు."

ఎర్రపెన్ను కోసం నా చెయ్యి
అలవాటుగా కొంగు దగ్గరికి పోయింది.
సువార్తమ్మ ఆమెన్ అంది.
మస్తాన్‌బీ కూడా తనదేదో అంది, నెమ్మదిగా.
నేనేమీ అనలేదు.
పిట్టగోడ మీంచి కిందికి చూశాను,
వాడు కలుపుకున్నవాడు
ఆ చీకటి నీళ్లలో ఎంతలోతున నిలబడ్డాడో అని.
ఒక చెప్పు తేలుతూ పోయింది. అంతే.

ఒండ్రు కడుక్కోవడం అవ్వకముందే
వాణ్ణి వేరే ఊరు వేశారు.
వెళ్లేముందు మా షాపు గోడలు తుడిచి,
చొక్కా అక్కడే పంపుకింద జాడించి
తడిదే తొడుక్కుని వెళ్లాడు.

ఆ రాత్రి నువ్వు తప్పు మాట్లాడావా,
తెలిసే అన్నావా అని అడుగుదామనుకున్నాను.
పదికి పది వేసినదాన్ని నేనే.
ఏమని అడుగుతాను?