పేరు తీసేసి పంపండి

పేరు తీసేసి పంపమన్నారు.
ఊరు కూడా.
రాసిందెవరో పట్టిచ్చే ఆనవాలు
ఒక్కటీ కాగితంలో మిగలకూడదట.
బైరాగిపట్టెడ మేడమీది గదిలో
కిర్రుమనే ఫ్యాను కింద కూర్చుని
నన్ను నేనే వెతికి వెతికి చెరిపాను.
"మా దామలచెరువు"లో ముందు "మా" పోయింది.
తరవాత దామలచెరువు పోయింది.
"దక్షిణ భారతంలోని ఒక మామిడి జిల్లా" అని
ఎవరో విమానంలోంచి తొంగి చూసినట్టు రాశాను.

ఎనిమిది వేల మాటలు, ఫుట్‌నోట్లతో కలిపి.
ఎర్రసముద్రంలో ఓడలు దారి మార్చుకుంటే
ఇక్కడ తోతాపురి కిలో నాలుగు రూపాయలకెందుకు పడిందో
చెప్పడానికి నాకవి చాలీ చాలలేదు.
కాటా కాడ మునెప్పకు రెండు ముక్కలు చాలాయి:
"సముద్రం జూసిన మొగాలు కావు మే మావి.
దాని ఉప్పు మట్టుకు మా కూట్లోనే పడతాది."
ఇంగ్లీషులోకి తెచ్చేసరికి
మాటలు ఇరవై అయినాయి, ఉప్పు పోయింది.

పంపింది పోయిన ఆషాఢంలో.
ఈ ఊళ్లో దేవుడు కూడా
టోకెన్ ఇచ్చి, గంట చెప్పి, కనబడతాడు.
జర్నల్ ఏ గంటా చెప్పలేదు.
పొద్దున టీ తాగుతూ చూస్తే "పరిశీలనలో ఉంది".
కాంట్రాక్టు ఇంకో ఆర్నెల్లకు పొడిగించిన రోజు, పరిశీలనలో ఉంది.
మా పురుషోత్తం నాయుడు సారు
"ఏమ్మా, ఒచ్చిందా?" అని అడగడం మానేసిన రోజు కూడా.

పదకొండో నెలలో ఉత్తరాలు రెండు వచ్చాయి.
మొదటాయనది మూడు వాక్యాలు. నచ్చిందన్నాడు.
(అన్నదేమో. వాళ్లకూ పేర్లుండవు.)
రెండో ఆయనది నాలుగు పేజీలు.
ఇందులో అంతర్జాతీయం ఎక్కడుంది?
తూకం వేసే మనిషి మాట సాక్ష్యమెలా అవుతుంది?
ఫలానా సిద్ధాంతం చదివారా?
చదివాను సార్.
ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవారికెవరికైనా చూపించండి.
ఆఖర్న ఒక దయ:
సవరించి మళ్లీ పంపవచ్చు. గడువు తొంభై రోజులు.

ప్రింటు తీసుకుని బస్సెక్కి మండీకి పోయాను.
పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు
లారీలు మూడు రోజులుగా నిలబడి ఉన్నాయి.
టార్పాలిన్ల కింద కాయ ఉడికిపోతున్న వాసన.
గేటు దగ్గర కుర్రాడు ఒక కాయ కోసి
రసం చుక్క గాజు మీద వేసి
వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు.
తీపి పద్నాలుగు లేకుంటే లారీ వెనక్కే.
మునెప్ప నా చేతిలో కాగితాలు చూసినాడు.
"నీదీ తిప్పి పంపినారా?"
"బాగుచేసి మళ్లీ తెమ్మన్నారు."
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"అట్లయితే మంచోళ్లే.
కాయకు మళ్లీ అనేది ఉండదు మే."

రెండో రివ్యూయర్ గారికి,
సిద్ధాంతం రెండు పేరాలు పెంచాను.
కామాలు మీరన్న చోటే పెట్టాను.
మునెప్పను ఫుట్‌నోటులోకి దించమన్నారు, దించలేదు.
అంతర్జాతీయం ఎక్కడన్నారు గదా,
లారీ కింది నీడలో పడుకుని
డ్రైవరు గుణశేఖరం ఫోనులో ఓడల వార్త చూస్తుంటే
పక్కన కూర్చున్నాను. ఏడో పేజీ.

ఈ రచనలో మీకు సొంత ప్రయోజనాలేమైనా ఉన్నాయా
అని ఒక గడి అడిగింది.
వేళ్ల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు చూసుకుని
లేవు అని టిక్కు పెట్టాను.

ఆఖరి మీట నొక్కబోతూ గమనించాను,
ఫైలు వివరాల్లో రచయిత పేరు అలాగే ఉంది.
నాది కాదు. లీలామహల్ సెంటర్లో
ఈ పాత లాప్‌టాప్ నాకమ్మిన డీటీపీ కరీముల్లాది.
ఏడాదిగా వాళ్లెవరైనా చూసి ఉంటే
ఓడల గురించీ కాయల గురించీ
అంత బాధపడింది ఆయనేననుకుని ఉంటారు.
చెరపడానికి చెయ్యి పోయింది, ఆగింది.
ఉండనీ.
ఎవరిదో ఒకరిది, ఈ ఊరి పేరు.