కనకాంగి గొంతు

రాత్రి ఏడున్నరకి
చెరువు గట్టు మీద మా పాకలో
కనకాంగి కోడలి పాలల్లో విషం కలుపుద్ది.
ఆరేళ్లుగా కలుపుతానే ఉందండి.
ఆ పిల్ల తాగదు, ఈవిడ మానదు.

పేరుపాలెం రొయ్యల చెరువుల కాపలా నాది.
కరెంటు పోతే జనరేటరు వెయ్యాల, ఏరియేటర్లు తిరగాల,
లేదా తెల్లారేసరికి సరుకంతా తేలిపోద్ది.
మొన్న ముందు టీవీ ప్లగ్గు పెట్టి
ఆనక ఏరియేటర్లు వేశానని
మా రాజుగారితో అనకండి.
ఒక్క నిమిషం.
రొయ్యలు ఊపిరి బిగబట్టాయి.
నేనూ బిగబట్టాను.

ఊరంతా కోడలి పార్టీయే.
మా సువార్తమ్మయితే మేత బస్తా మీద కూర్చుని
ఆ పిల్లతో సమానంగా ముక్కు చీదుద్ది.
నేనొక్కణ్ణే కనకాంగి పక్షం.
ఆ గొంతు అలాంటిదండి.
"తాళాలు నా బొడ్లో ఉన్నంతకాలం..." అని ఆపుద్ది చూడండి,
పులస ముల్లే:
మెత్తగా దిగుద్ది, ఇంక రాదు.

అలాంటావిడ పాలకొల్లు వచ్చింది,
బట్టల కొట్టు రిబ్బను కత్తిరించడానికి.
ఫ్లెక్సీలో ఓనరు, ఓనరు బావమరిది,
బావమరిది కవల పిల్లలు.
ఆవిడకి మిగిలింది కింద మూల.

ముప్పై కౌంటు రొయ్యలు, రెండు కిలోలు,
ఐసు డబ్బాలో పెట్టి మోపెడ్డుకి కట్టాను.
నరసాపురం దాటేసరికి ఐసు కారతా ఉంది,
నా వెనకాల మూడు కుక్కలు.

దిగింది కారు.
అనుకున్నదానికి జానెడు పొట్టి.
మైకు అందుకుని, పిచిక కూసినట్టు,
"నమస్కార పాలకొల్లు! ఊట ఆయ్తా అందరికీ?" అంది.
నా పక్కన బోర్లు వేసే వెంకట్రాజు
చెయ్యెత్తి మరీ చెప్పాడు:
"ఊటకేం లోటు లేదమ్మా, పదడుగులకే పడుద్ది,
కాకపోతే ఉప్పు!"

నవ్వలేదు నేను.
గొంతేదండి?
"ఈవిడవి పెదాలే బాబాయ్,
గొంతు హైదరాబాదులో ఇంకెవరిదో,"
అన్నాడు ఫొటోలు తీసే కుర్రాడు,
అదేదో ఊరందరికీ తెలిసిన సంగతిలాగా.

సెల్ఫీకి నా వంతొచ్చింది. డబ్బా చాపాను.
మూత తీసింది. మూసింది.
"నేను శాకాహారినండి," అంది, ఎంతో మర్యాదగా.
ఆరేళ్లు విషం కలిపిన చెయ్యి
చచ్చిన రొయ్యని చూసి వణికింది.
పాపం, మంచి పిల్లండి.

రొయ్యలు కొట్టు వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.
కాపలావోణ్ణి కాపలావోడే గుర్తుపడతాడు.

ఇప్పుడు సీరియల్ అయిపోయాక కూడా కూర్చుంటన్నాను.
చివర్లో పేర్లు పరిగెడతాయి కదా,
వల దులిపితే పిల్లరొయ్యలు చిమ్మినట్టు.
కెమెరా, మేకప్పు, భోజనాలు...
డబ్బింగు అని కనబడిందో లేదో
కేబులు బ్రహ్మాజీ కోచింగ్ సెంటరు ప్రకటన వేసేస్తాడు.
"ఒక్కరోజు ఆపరా."
"అయ్యెవడు చూస్తాడు బాబాయ్!"

నిన్న మాత్రం తోక దొరికింది:
ఆఖరి అక్షరం 'ణి'.
"రుక్మిణో, కల్యాణో, వాణో," అంది సువార్తమ్మ,
చూపు టీవీ మీంచి తిప్పకుండా.

నాకేం తొందర లేదండి.
కోడలు ఇంకా పాలు తాగలేదుగా.